పీడీసీఏ చక్రం: టెలిఫోన్ల ఫ్యాక్టరీలో మొదలై సర్కారు దవాఖాన దాకా ఎలా వచ్చింది?

సోమవారం పొద్దున తొమ్మిదిన్నర అనుకోండి. కంగ్టి, మనూర్, కల్హేర్ వైపు నుంచి వచ్చే బస్సులు, ఆటోలు నారాయణఖేడ్‌లో జనాన్ని దించుతుంటాయి. వాళ్లలో కొందరు నేరుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్తారు. ఏ సర్కారు దవాఖానకు వెళ్లినా పద్ధతి ఒకటే. ఓపీ చీటీకి ఒక లైను, డాక్టరు గది ముందు ఒక లైను, మందుల కిటికీ దగ్గర ఇంకో లైను. పని అయ్యేసరికి మధ్యాహ్నం. ఆ రోజు కూలి పోయినట్టే.

లైను ఇంత పొడుగు ఎందుకుంది అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబులు రెండు. జనం ఎక్కువ, లేదంటే సిబ్బంది తక్కువ. రెండూ నిజమే కావచ్చు. అయితే మూడో ప్రశ్న ఒకటుంది. ఇదే జనం, ఇదే సిబ్బంది ఉండగానే లైను కొంచెమైనా తగ్గించగలమా? తగ్గిందని మనకెలా తెలుస్తుంది? ఈ నెల తగ్గింది వచ్చే నెల మళ్లీ పెరగకుండా ఏం చేయాలి?

ఈ మూడో ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి పేరే పీడీసీఏ. ప్రభుత్వాసుపత్రుల నాణ్యతా ప్రమాణాల్లో, ఐఎస్ఓ సర్టిఫికెట్లలో, శిక్షణ తరగతుల్లో ఈ నాలుగు అక్షరాలు తరచూ వినిపిస్తాయి. ఇవి ఎక్కడ పుట్టాయి, మన దేశానికి ఎలా వచ్చాయి, మన జిల్లాకు వీటితో ఉన్న సంబంధం ఏమిటి, సామాన్యుడిగా మీకు ఇవి ఎందుకు పనికొస్తాయి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏమిటీ పీడీసీఏ?

ప్లాన్, డు, చెక్, యాక్ట్. ఈ నాలుగు మాటల మొదటి అక్షరాలే పీడీసీఏ. మన మాటల్లో చెప్పాలంటే ఆలోచించు, చేసి చూడు, ఫలితం కొలువు, దాన్నిబట్టి సరిదిద్దు.

మొదటి మెట్టులో సమస్య ఏమిటో, దానికి కారణం ఏమై ఉండొచ్చో రాసుకుని, ఒక మార్పు అనుకుంటారు. రెండో మెట్టులో ఆ మార్పును చిన్న స్థాయిలో అమలు చేస్తారు. మూడో మెట్టులో అనుకున్నది జరిగిందా లేదా అని అంకెలతో చూస్తారు. నాలుగో మెట్టులో ఫలితం బాగుంటే ఆ మార్పును పద్ధతిగా స్థిరపరుస్తారు, లేకపోతే వదిలేసి మరో దారి ఎంచుకుంటారు. అక్కడితో అయిపోయినట్టు కాదు. మళ్లీ మొదటి మెట్టు. అందుకే దీన్ని నిచ్చెనలా కాకుండా చక్రంలా గీస్తారు.

ఇందులో కొత్తేముంది, రైతు చేసేదీ ఇదే కదా అనిపించవచ్చు. నిజమే. కొత్త విత్తనం వచ్చినప్పుడు తెలివైన రైతు పొలమంతా వేయడు. ఒక మూల అర ఎకరంలో వేసి, పక్క మడితో పోల్చి, దిగుబడి చూసి, మరుసటి ఏడు నిర్ణయం తీసుకుంటాడు. ఈ ఇంగితాన్ని వేల మంది పనిచేసే ఫ్యాక్టరీకి, ఆసుపత్రికి, కార్యాలయానికి సరిపోయేలా ఒక క్రమంలో పెట్టడమే గత వందేళ్లలో జరిగిన పని.

మొదటి అడుగు: 1924 నాటి ఒక కాగితం

కథ అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో మొదలవుతుంది. బెల్ టెలిఫోన్ వ్యవస్థకు కావలసిన ఫోన్లు, ఇతర పరికరాలు తయారుచేసే సంస్థ అది. షికాగో దగ్గర హాథోర్న్‌లో దాని పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. అప్పట్లో నాణ్యత అంటే తయారైన సరుకును చివర్లో తనిఖీ చేసి, పనికిరానివి ఏరి పారేయడమే. ఏరివేతకు మనుషులు కావాలి. పారేసిన సరుకు నష్టం. పైగా అదే తప్పు మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంటుంది.

భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసిన వాల్టర్ షూహార్ట్ 1918లో ఆ కంపెనీలో చేరారు. 1924 మే 16న ఆయన తన పై అధికారికి ఒక చిన్న నోట్ పంపారు. ఒక్క పేజీ. అందులో ఒక బొమ్మ. మధ్యలో ఒక గీత, పైన ఒక హద్దు, కింద ఒక హద్దు, వాటి మధ్య చుక్కలు. నేడు ప్రపంచమంతా వాడుతున్న కంట్రోల్ చార్ట్ అదే.

ఆ బొమ్మ చెప్పే సంగతి తెలిస్తే తప్ప పీడీసీఏ అర్థం కాదు. ఒక ఉదాహరణ తీసుకుందాం.

బస్సు ఆలస్యం రెండు రకాలు

మీ ఊరికి ఉదయం 8 గంటలకు రావలసిన ఆర్టీసీ బస్సు ఉందనుకోండి. ఒకరోజు 8.03కి వస్తుంది. మరో రోజు 8.07కి, ఇంకో రోజు 8.05కి. ఈ నాలుగైదు నిమిషాల తేడాకు ప్రత్యేకంగా కారణమంటూ ఏదీ ఉండదు. ఒక స్టేజీలో ఇద్దరు ఎక్కువ ఎక్కి ఉంటారు, ఒకచోట గొర్రెల మంద అడ్డం వచ్చి ఉంటుంది. ఇలాంటి చిన్న చిన్నవి కలిసి రోజూ కొంత తేడా తెస్తూనే ఉంటాయి. ఒకరోజు మాత్రం బస్సు 9.15కి వస్తుంది. అడిగితే దారిలో టైరు పేలిందని చెప్తారు.

ఈ రెండూ వేర్వేరు రకాలని షూహార్ట్ అన్నారు. మొదటిది వ్యవస్థలోనే ఉన్న తేడా. రెండోది ఫలానా అని వేలుపెట్టి చూపగలిగిన కారణం వల్ల వచ్చిన తేడా. రెండింటికీ మందు ఒకటి కాదు. టైరు పేలిందంటే టైరు సంగతి చూడాలి. రోజూ వచ్చే ఐదు నిమిషాలు తగ్గాలంటే టైంటేబుల్, స్టేజీలు, దారి, వీటిలో ఏదో మార్చాలి. అలా కాకుండా 8.07కి వచ్చిన రోజున డ్రైవర్‌కు మెమో ఇచ్చి, 8.03కి వచ్చిన రోజున మెచ్చుకుంటే బస్సు బాగుపడదు. డ్రైవర్‌కు విసుగు మాత్రం వస్తుంది.

ఏది మామూలు తేడా, ఏది ప్రత్యేకమైన తేడా అని చెప్పడానికే ఆ రెండు హద్దుల గీతలు. షూహార్ట్ ఈ ఆలోచనను పెంచి 1931లో ఒక పెద్ద పుస్తకంగా తెచ్చారు.

గీత వృత్తంగా మారింది

1939లో షూహార్ట్ మరో చిన్న పుస్తకం వెలువరించారు. చక్రం అనే ఊహ కనిపించేది అందులోనే. అప్పటిదాకా తయారీని మూడు మెట్ల వరసగా చూసేవారు. ఎలా ఉండాలో నిర్ణయించడం, తయారుచేయడం, తనిఖీ చేయడం. ఈ మూడూ ఒక సరళరేఖ మీద ఉండకూడదని, వృత్తం మీద ఉండాలని ఆయన వాదించారు. తనిఖీలో తేలిన సంగతి మళ్లీ మొదటి మెట్టుకు వెళ్లాలి. ఎలా ఉండాలన్న నిర్ణయమే దాన్నిబట్టి మారాలి.

ఈ మూడింటినీ ఆయన విజ్ఞానశాస్త్ర పద్ధతితో పోల్చారు. శాస్త్రవేత్త ఒక ఊహ చేస్తాడు, ప్రయోగం చేస్తాడు, ఊహ నిజమో కాదో పరీక్షిస్తాడు. ఫ్యాక్టరీ కూడా అలాగే నేర్చుకోవాలని ఆయన చెప్పారు. పీడీసీఏకు అసలు విత్తనం ఇదే. గమనించండి, అప్పటికి మెట్లు మూడే. ప్లాన్, డు, చెక్, యాక్ట్ అన్న మాటలు ఇంకా రాలేదు.

ఆ పుస్తకానికి సంపాదకుడిగా పనిచేసిన యువ గణాంక శాస్త్రవేత్త పేరు విలియం ఎడ్వర్డ్స్ డెమింగ్. తర్వాతి అధ్యాయం ఆయనది.

జపాన్, 1950

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జపాన్‌కు జనాభా లెక్కల పనిలో సాయం చేయడానికి డెమింగ్ 1947లో మొదటిసారి వెళ్లారు. అప్పట్లో జపాన్ సరుకంటే ప్రపంచానికి చులకన. చవక, నాసిరకం అన్న పేరుండేది. జపాన్ శాస్త్రవేత్తలు, ఇంజినీర్ల సంఘం జుసే ఆయన్ను 1950లో ఉపన్యాసాలకు పిలిచింది. ఆ వేసవిలో ఆయన ఇంజినీర్లకు పాఠాలు చెప్పారు. కంపెనీల అధిపతులతోనూ విడిగా మాట్లాడారు.

అక్కడ ఆయన గీసిన చక్రంలో నాలుగు మెట్లున్నాయి. సరుకును రూపొందించు, తయారుచెయ్యి, అమ్ము, కొన్నవాళ్లకు అది ఎలా పనికొచ్చిందో కనుక్కో. కనుక్కున్నదాన్నిబట్టి మళ్లీ రూపొందించు. షూహార్ట్ చక్రం ఫ్యాక్టరీ గోడల లోపల తిరిగితే, డెమింగ్ దాన్ని కొనుగోలుదారు ఇంటిదాకా తీసుకెళ్లారు. ప్రజాసేవల గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం. సేవ అందుకున్న మనిషిని అడగనిదే చక్రం పూర్తికాదు.

తన ఉపన్యాసాల పుస్తకంపై వచ్చే రాయల్టీని డెమింగ్ తీసుకోలేదు. ఆ సొమ్ము ఆధారంగా జుసే 1951లో డెమింగ్ బహుమతిని నెలకొల్పింది. నాణ్యత రంగంలో నేటికీ పేరున్న పురస్కారాల్లో అదొకటి. భారత్ నుంచి దాన్ని మొదట గెలుచుకున్నది సుందరం-క్లేటన్ సంస్థ బ్రేకుల విభాగం, 1998లో.

మరి పీడీసీఏ అన్న పేరు ఎవరిది?

చాలామంది డెమింగ్ పెట్టారనుకుంటారు. అది పొరపాటు. డెమింగ్ గీసిన చక్రాన్ని జపాన్ వాళ్లు తమ పని తీరుకు తగ్గట్టు మార్చుకుని ప్లాన్, డు, చెక్, యాక్ట్ అనే రూపమిచ్చారు. అక్కడి నాణ్యతా ఉద్యమానికి పెద్దదిక్కైన కావోరు ఇషికావా దీన్ని మరింత వివరంగా విడగొట్టారు. ప్లాన్ అంటే లక్ష్యం ఒక్కటే రాస్తే చాలదు, దాన్ని చేరే పద్ధతి కూడా రాయాలి. డు అంటే నేరుగా పని మొదలుపెట్టడం కాదు, ముందు చేసేవాళ్లకు శిక్షణ ఇవ్వాలి. పైనుంచి సర్క్యులర్ వస్తుంది, కింద ఎవరికీ అది ఎలా చేయాలో చెప్పరు. ఇలాంటి పరిస్థితి మీరు ఏ ఆఫీసులోనైనా చూసి ఉంటే, ఇషికావా ఏ జబ్బుకు మందు చెప్పారో తెలిసిపోతుంది.

డెమింగ్‌కు మాత్రం చెక్ అన్న మాట నచ్చలేదు. ఆ మాట వింటే టిక్కులు పెట్టడం, తప్పు పట్టుకోవడం గుర్తొస్తాయి తప్ప నేర్చుకోవడం గుర్తురాదన్నది ఆయన బాధ. అందుకే ఆయన తన రాతల్లో స్టడీ అన్న మాట వాడారు, పీడీఎస్ఏ అన్నారు. ఆ చక్రం తనది కాదని, షూహార్ట్‌దని కూడా చెబుతూ వచ్చారు. డెమింగ్ 1993 డిసెంబరులో కన్నుమూశారు. రెండు పేర్లూ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. మన ప్రభుత్వ పత్రాల్లో ఎక్కువగా కనిపించేది పీడీసీఏ.

మన దేశానికి ఎప్పుడొచ్చింది?

జపాన్‌లో డెమింగ్ పాఠాల కంటే ముందే. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించారు. షూహార్ట్ మొదటి పుస్తకం వచ్చిందీ ఆ ఏడే. ఆయన ఆహ్వానం మీద షూహార్ట్ 1947-48లో భారత్ వచ్చి, కొన్ని నెలలు పర్యటించి, పరిశ్రమల వారికి గణాంకాలతో నాణ్యతను అదుపు చేసే పద్ధతులు వివరించారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి నెలలవి.

ఆ సంస్థలోనే దాదాపు నలభై ఏళ్లు పనిచేసి, ప్రపంచంలోని అగ్రశ్రేణి గణాంక శాస్త్రవేత్తల్లో ఒకరిగా నిలిచిన సి.ఆర్.రావు తెలుగు కుటుంబంలో పుట్టారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. 2023లో 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. నాణ్యతా నియంత్రణపై పరిశ్రమలకు సలహాలిచ్చే ఆ సంస్థ విభాగం ఒకటి హైదరాబాద్ హబ్సిగూడలో ఉంది.

పాఠం మనకు ముందే వచ్చినా ప్రయోజనం మాత్రం జపాన్ ముందు పొందింది. కారణాలు చాలా ఉన్నాయి. ఒకటి మాత్రం ఈ కథకు దగ్గరిది. పోటీ లేని మార్కెట్‌లో తయారైంది తయారైనట్టు అమ్ముడుపోతుంటే, కొన్నవాడిని అడగాల్సిన అవసరం ఎవరికీ కలగదు. వెళ్లడానికి ఇంకో చోటు లేని సామాన్యుడికి సేవలందించే సర్కారు కార్యాలయానికీ ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది.

మన జిల్లాలోనే మొదటి అడుగు

ఇక్కడ నారాయణఖేడ్ పాఠకులు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. క్వాలిటీ సర్కిల్ అనే పద్ధతి జపాన్‌లో 1962లో మొదలైంది. ఒకే చోట పనిచేసే కొద్దిమంది కార్మికులు తమంతట తాముగా బృందంగా ఏర్పడి, వారానికోసారి కూర్చుని, తమ పనిలోని సమస్యను తామే ఎంచుకుని, కారణం వెతికి, పరిష్కారం ప్రయత్నించి చూడటం దాని సారాంశం. అంటే పీడీసీఏ చక్రాన్ని మేనేజర్ చేతిలోంచి తీసుకుని మిషను దగ్గర నిలబడే మనిషి చేతికి ఇవ్వడం.

ఈ పద్ధతి భారత్‌లో మొదట అడుగుపెట్టింది రామచంద్రాపురంలోని బీహెచ్‌ఈఎల్‌లో, 1980లో. అప్పుడు అది మెదక్ జిల్లా, నారాయణఖేడ్ కూడా అదే జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన తర్వాత రెండూ సంగారెడ్డి జిల్లాలోకి వచ్చాయి. అప్పటి బీహెచ్‌ఈఎల్ ఉన్నతాధికారి ఎస్.ఆర్.ఉడుపా దీనికి చొరవ చూపారు. ఆ అనుభవంతో 1982లో హైదరాబాద్ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడింది. దేశంలోని ఎన్నో ఫ్యాక్టరీలకు, తర్వాత ఇతర సంస్థలకు ఈ పద్ధతి అక్కడి నుంచే పాకింది.

జపాన్ చేయగలిగింది మనమెందుకు చేయలేకపోతున్నామని అమెరికన్ టీవీ ఒక కార్యక్రమం వేసి, డెమింగ్‌ను సొంత దేశానికి మళ్లీ పరిచయం చేసిందీ 1980లోనే. అంటే అమెరికా మేల్కొన్న ఏడాదే మన రామచంద్రాపురం కార్మికులూ మొదలుపెట్టారు.

ఫ్యాక్టరీ గేటు దాటి ఆసుపత్రిలోకి

సేవలకు ఈ చక్రం పనికొస్తుందా అన్న సందేహం చాలాకాలం ఉండేది. 1987లో మొదలైన ఐఎస్ఓ 9000 ప్రమాణాల వరస దాన్ని క్రమంగా తీర్చింది. 2015 నాటి ఐఎస్ఓ 9001 ప్రమాణం పీడీసీఏను తన నిర్మాణానికే ఆధారంగా చూపుతుంది. మన దేశంలో 1997 నుంచి ప్రభుత్వ శాఖలు పౌరసేవా పత్రాలు ప్రకటించడం మొదలుపెట్టాయి. ఏ పని ఎన్ని రోజుల్లో చేస్తామో చెప్పే మాట అది. 2005లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రజాసేవలకే ప్రత్యేకంగా ఐఎస్ 15700 అనే ప్రమాణం తెచ్చింది.

ఆసుపత్రుల విషయానికి వస్తే, కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలను ప్రకటించింది. ఆరోగ్య సిబ్బంది వీటిని ఎన్‌క్వాస్ అంటారు. ఇందులో ఎనిమిది అంశాలున్నాయి. అందించే సేవలు, రోగి హక్కులు, వనరులు, సహాయక సేవలు, వైద్యం, ఇన్‌ఫెక్షన్ల నివారణ, నాణ్యతా నిర్వహణ, ఫలితాలు. ప్రతి ప్రశ్నకూ పూర్తిగా ఉంటే రెండు మార్కులు, కొంత ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. నాణ్యతా నిర్వహణ అనే భాగంలో రోగుల అభిప్రాయ సేకరణ, అంతర్గత తనిఖీ, లోపాలపై చర్యలతో పాటు పీడీసీఏ వంటి పద్ధతులు వాడుతున్నారా అనీ చూస్తారు.

2015 మే నెలలో పరిశుభ్రత కోసం కాయకల్ప్, 2017 డిసెంబరులో ప్రసూతి గదుల కోసం లక్ష్య వచ్చాయి. కాయకల్ప్‌లో ఆసుపత్రి ముందు తనకు తానే మార్కులు వేసుకుంటుంది, తర్వాత పక్క ఆసుపత్రి వాళ్లు వచ్చి చూస్తారు, చివరికి బయటి బృందం వస్తుంది. సొంత తనిఖీ ముందు పెట్టడంలో ఉద్దేశం స్పష్టం. మార్కుల కంటే ముందు లోపం మన కంటికే కనబడాలి.

చక్రం నిజంగా తిరిగితే ఎలా ఉంటుంది?

మొదట్లో చెప్పిన ఓపీ లైను దగ్గరికి వద్దాం. కింది అంకెలు అర్థం కావడం కోసం అనుకున్నవే, ఏ ఆసుపత్రివీ కావు.

ఆలోచించు: రెండు వారాల పాటు చీటీ తీసుకున్న సమయం, డాక్టరును కలిసిన సమయం రాసుకున్నారు. సోమవారాల్లో సగటున 50 నిమిషాలు పడుతోంది. లైనులో ఎవరున్నారో లెక్కపెడితే 100 మందిలో 40 మంది బీపీ, షుగర్ మాత్రల కోసం నెలనెలా వచ్చే పాత రోగులు. వాళ్లూ, జ్వరంతో కొత్తగా వచ్చినవాళ్లూ ఒకే లైనులో ఉన్నారు. పాత రోగులకు వేరే టేబుల్ పెడితే ఎదురుచూపు 30 నిమిషాలకు తగ్గవచ్చని అంచనా వేశారు. ఆ అంచనాను ముందే కాగితం మీద రాశారు. ఇది ముఖ్యం. ముందు రాయకపోతే తర్వాత ఏం వచ్చినా అనుకున్నదే వచ్చింది అనేయొచ్చు.

చేసి చూడు: నాలుగు సోమవారాలు మాత్రమే, ఒక నర్సు, ఒక టేబుల్‌తో మొదలుపెట్టారు. జిల్లా అంతటా ఒకేసారి కాదు.

ఫలితం కొలువు: మళ్లీ సోమవారాల్లోనే, అదే పద్ధతిలో కొలిచారు. సోమవారాన్ని గురువారంతో పోలిస్తే లెక్క తప్పుతుంది. ఎదురుచూపు 35 నిమిషాలకు తగ్గింది. అయితే మందుల కిటికీ దగ్గర లైను పెరిగింది. డాక్టరు దగ్గర పని త్వరగా అవుతుండటంతో అందరూ ఒకేసారి అక్కడికి చేరుతున్నారు.

సరిదిద్దు: టేబుల్‌ను శాశ్వతం చేశారు. ఎవరు కూర్చోవాలి, ఆ నర్సు సెలవులో ఉంటే ఎవరు రావాలి అన్నది రాతలో పెట్టారు. మందుల కిటికీ సమస్యతో రెండో చుట్టు మొదలుపెట్టారు.

ఇందులో కొత్త భవనం లేదు, కొత్త పోస్టు లేదు. అలాగని పోస్టులు అక్కర్లేదని అర్థం చేసుకోకండి. డాక్టరే లేని చోట ఎన్ని చక్రాలు తిప్పినా వైద్యం అందదు. ఇలా కొలిచిన లెక్కలుంటే, కొరత నిజంగా ఎక్కడుందో పైవారికి రుజువుతో చెప్పవచ్చు. మాకు సిబ్బంది కావాలి అనడం వేరు, ఫలానా కిటికీ దగ్గర సోమవారం ఫలానా గంటలో ఒక ఫార్మసిస్టు తక్కువయ్యారని అంకెతో చూపడం వేరు.

ఎక్కడ ఆగిపోతుంది?

చక్రం ఆగిపోయే చోట్లు ఎక్కువగా నాలుగు.

మొదటిది, తనిఖీ వారం జబ్బు. బృందం వస్తోందంటే సున్నం వేయడం, కొత్త దుప్పట్లు పరచడం, వెళ్లగానే మళ్లీ మామూలే. అక్కడ చెక్ ఉంది, యాక్ట్ లేదు.

రెండోది, రిజిస్టర్ల జబ్బు. మరుగుదొడ్డి తలుపు మీద వేలాడే కాగితంలో రోజుకు నాలుగు సంతకాలుంటాయి. లోపల నీళ్లుండవు. సంతకమే పని అయిపోతుంది.

మూడోది, మనిషిని తప్పుపట్టడం. లోపాల్లో అత్యధిక భాగం, తన అనుభవం మీద వేసిన అంచనా ప్రకారం 94 శాతం, వ్యవస్థవేనని, వాటిని మార్చాల్సింది యాజమాన్యమేనని డెమింగ్ రాశారు. లైను పొడుగైతే చీటీలు రాసే అమ్మాయిని తిట్టడం తేలిక. లైను అలా తయారవడానికి కారణమైన పద్ధతిని మార్చడం కష్టం.

నాలుగోది భయం. అన్నిటికంటే ప్రమాదకరమైంది ఇదే. ఒక మందు పొరపాటున ఇచ్చానని చెప్పిన నర్సుకు మెమో వస్తే, రేపటి నుంచి ఎవరూ చెప్పరు. రిజిస్టర్ శుభ్రంగా ఉంటుంది. పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి. భయాన్ని తరిమేయాలన్నది డెమింగ్ యాజమాన్యాలకు చెప్పిన 14 సూత్రాల్లో ఒకటి. ఆసుపత్రిలో భయం ఖరీదు సరుకు నష్టంతో పోదు. ప్రాణాల మీదికి వస్తుంది.

మీరేం చేయొచ్చు?

చక్రంలో మీ స్థానం మూడో మెట్టు దగ్గర. సేవ ఎలా ఉందో అందుకున్నవారే చెప్పగలరు. అందుకు కొన్ని దారులున్నాయి.

అభిప్రాయం అడిగితే దాటవేయకండి. ఆసుపత్రుల్లో రోగుల అభిప్రాయ పత్రాలుంటాయి. కేంద్రం 2016లో తెచ్చిన మేరా అస్పతాల్ వేదిక కూడా ఉంది. బాగుంది, బాలేదు అని రాస్తే ఉపయోగం తక్కువ. ఏ రోజు, ఎన్ని గంటలకు వచ్చారు, ఎక్కడ ఎంతసేపు ఆగారు అన్నది రాయండి. అంకె ఉన్న ఫిర్యాదును పక్కన పెట్టడం కష్టం.

మనిషి మీద కాకుండా పద్ధతి మీద ప్రశ్న వేయండి. ఎవరి తప్పు అని అడిగితే గొడవ అవుతుంది. ఇది మళ్లీ జరగకుండా ఏం మార్చారు అని అడిగితే జవాబు ఇవ్వాల్సి వస్తుంది.

పరిష్కారం దొరక్కపోతే సోమవారాల్లో అధికారులు నిర్వహించే ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

సమాచార హక్కు చట్టం వాడుకోండి. నాణ్యతా కమిటీ చివరిసారి ఎప్పుడు సమావేశమైంది, తనిఖీలో తేలిన లోపాలేమిటి, వాటిలో ఎన్ని సరిచేశారు అని అడగవచ్చు. గ్రామ స్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము ఉండదు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఈ ప్రశ్నలు ఆసుపత్రికే పరిమితం కాదు. వీధి దీపం, నల్లా నీళ్లు, చెత్త బండి, రేషన్ దుకాణం, పింఛను, అన్నిటికీ ఇవే సరిపోతాయి. ఏం చేద్దామనుకున్నారు? చేశారా? ఫలితం కొలిచారా? కొలిచాక ఏం మార్చారు?

మొదటి రెండు ప్రశ్నలకు ఏ కార్యాలయంలోనైనా ఫైలు తీసి జవాబు చూపిస్తారు. మూడో దానికి కొంచెం తడబడతారు. ఇక నాలుగో దానికి జవాబు రాలేదంటే చక్రం అక్కడ ఆగిందని అర్థం. జవాబు వచ్చేదాకా అడుగుతూ ఉండండి.